మాటకు మూల్యం: బెంగాలు క్రైస్తవ ముద్రణలో వాక్స్వాతంత్ర్యం, బాధ్యత (1807–1861)

ప్రవేశిక

భారతీయ భాషల ముద్రణ చరిత్రకూ క్రైస్తవ మిషన్ల చరిత్రకూ విడదీయరాని సంబంధం ఉంది. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలు జర్మనీలోని హాలే నగరంలో బెంజమిన్ షుల్జ్ కృషి ఫలితంగా 1746 ప్రాంతంలో వెలువడ్డాయి. లండన్ మిషనరీ సొసైటీ పక్షాన 1805 నుంచి విశాఖపట్నంలో పనిచేసిన జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్‌లు ఆనందరాయర్ సహాయంతో సువార్తల అనువాదం చేపట్టారు. ఆ అనువాదం 1812లో బెంగాలులోని శ్రీరాంపూరు ముద్రణాలయంలో అచ్చయింది. విలియం కేరీ రచించిన తెలుగు వ్యాకరణం 1814లోను, తెలుగు కొత్త నిబంధన 1818లోను అక్కడి నుంచే వెలువడ్డాయి. తెలుగు లిపికి అచ్చు రూపం ఏర్పడిన క్రమాన్ని, తొలినాటి గద్య స్వభావాన్ని చర్చించే సందర్భాలలో ఈ విషయాలు తరచుగా ప్రస్తావనకు వస్తాయి. అయితే ఆ ముద్రణాలయాలకు ఎంత స్వేచ్ఛ ఉండేది, ఆ స్వేచ్ఛను అవి ఏ విధంగా వినియోగించుకున్నాయి అన్న ప్రశ్న కూడా అంతే ముఖ్యమైనది.

వాక్స్వాతంత్ర్యాన్ని గురించిన చర్చలు సాధారణంగా ప్రభుత్వానికీ పౌరునికీ మధ్య హద్దు ఎక్కడ అన్న అంశం చుట్టూ తిరుగుతాయి. బాధ్యత అనే మాట వినిపించగానే ‘తక్కువ మాట్లాడడం’ అనే అర్థం స్ఫురించడం పరిపాటి. బెంగాలులో క్రైస్తవ మిషనరీల ముద్రణకు సంబంధించిన మూడు ఘట్టాలు ఈ అర్థాన్ని పునరాలోచించడానికి తగిన ఆధారాలను ఇస్తాయి. 1807లో శ్రీరాంపూరు నుంచి వెలువడిన పారశీక కరపత్రం మొదటిది. 1820–23 మధ్య రాజా రామమోహన్ రాయ్‌తో సాగిన వాదం రెండవది. 1861లో ‘నీల్ దర్పణ్’ అనువాదం విషయమై రెవరెండ్ జేమ్స్ లాంగ్ ఎదుర్కొన్న విచారణ మూడవది. వీటిలో మాట్లాడినవారు తమను తాము క్రైస్తవులుగానే భావించుకున్నారు, తమ మాటకు సమర్థనను తమ గ్రంథంలోనే వెదుక్కున్నారు. బాధ్యత అంటే మాటను తగ్గించుకోవడం కాదనీ, మాట వల్ల కలిగే మూల్యం ఎవరి మీద పడుతుందో గుర్తించి దానిని తన భుజాన వేసుకోవడమనీ ఈ మూడు ఘట్టాలను కలిపి చూసినప్పుడు తెలుస్తుంది. ఈ వ్యాసం ఆ దృష్టితో వాటిని పరిశీలిస్తుంది.

బైబిలు దృష్టిలో మాట

క్రైస్తవ సంప్రదాయంలో మాటకు సంబంధించిన ఆలోచన రెండు దిశలలో సాగుతుంది. ఒకటి నిగ్రహం. పొరుగువాని మీద అబద్ధసాక్ష్యం పలకరాదన్న నిషేధం నిర్గమకాండంలోని పది ఆజ్ఞలలో ఒకటి. యాకోబు పత్రిక మూడవ అధ్యాయం నాలుకను అడవిని తగలబెట్టగల చిన్న నిప్పుతో పోలుస్తుంది. వ్యర్థంగా పలికిన మాటకు కూడా లెక్క అప్పగించవలసి ఉంటుందని మత్తయి సువార్త హెచ్చరిస్తుంది. రెండవ దిశ నిర్భయం. తమకోసం తాము మాట్లాడుకోలేని వారి పక్షాన నోరు తెరవాలని సామెతల గ్రంథం చివరి అధ్యాయం ఆదేశిస్తుంది. మౌనంగా ఉండమని యెరూషలేము అధికారులు ఆజ్ఞాపించినప్పుడు పేతురు, యోహానులు ఆ ఆజ్ఞకు లోబడలేదని అపొస్తలుల కార్యములు నాలుగవ అధ్యాయం వివరిస్తుంది.

ఈ రెండు దిశలూ పరస్పర విరుద్ధాలుగా కనిపించినా వాటిని కలిపే సూత్రాలు కొత్త నిబంధనలోనే ఉన్నాయి. విశ్వాసాన్ని గురించి అడిగేవారికి సాత్త్వికంతోను గౌరవంతోను సమాధానం చెప్పాలని పేతురు మొదటి పత్రిక సూచిస్తుంది. ఎఫెసు నగరంలో పౌలు అనుచరుల మీద అల్లరి చెలరేగిన ఘట్టం ఇంతకంటే ఆసక్తికరమైనది. వారు మన దేవతను దూషించినవారు కారని ఆ నగరపు అధికారే జనం ముందు సాక్ష్యం చెప్పినట్లు అపొస్తలుల కార్యములు పందొమ్మిదవ అధ్యాయంలో ఉంది. విగ్రహారాధనను పౌలు అంగీకరించలేదు, తన అభిప్రాయాన్ని దాచలేదు. అయినా ఎదుటి మతంవారు ‘ఇతడు మమ్మల్ని తిట్టలేదు’ అని చెప్పగలిగారు. భిన్నాభిప్రాయానికీ దూషణకూ మధ్య ఉండే తేడాకు ఇంతకంటే స్పష్టమైన కొలమానం దొరకదు. 1807లో శ్రీరాంపూరు మిషనరీలు తప్పినది సరిగ్గా ఈ కొలమానం దగ్గరే.

1807: పారశీక కరపత్రం

శ్రీరాంపూరు అప్పట్లో డెన్మార్కు దేశపు అధీనంలో ఉండేది. ఈస్టిండియా కంపెనీ తన భూభాగంలో మిషనరీల రాకను ప్రోత్సహించేది కాదు. పైగా గవర్నర్ జనరల్ వెల్లస్లీ 1799లో పత్రికల మీద ముందస్తు సెన్సారును విధించాడు. ఈ పరిస్థితులలో కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్‌లు 1800లో డేనిష్ అధికారుల రక్షణలో మిషన్‌ను, ముద్రణాలయాన్ని స్థాపించుకున్నారు. కేరీ మరుసటి సంవత్సరం నుంచి కలకత్తాలోని ఫోర్ట్ విలియం కళాశాలలో అధ్యాపకుడయ్యాడు. అంటే మిషన్ కంపెనీ పాలనకు వెలుపల ఉన్నా, దాని నీడకు పూర్తిగా దూరంగా లేదు.

1806 జూలైలో వెల్లూరు కోటలో సిపాయిల తిరుగుబాటు జరిగింది. తలపాగా మార్పు, కులచిహ్నాల మీద నిషేధం వంటి సైనిక నిబంధనలు తమను క్రైస్తవంలోకి మార్చే ప్రయత్నంలో భాగమని సిపాయిలు అనుమానించారు. ఆ తరువాత కలకత్తా ప్రభుత్వం మిషనరీల ప్రతి కదలికనూ భయంతో చూసింది. ఈ నేపథ్యంలో 1807లో ముస్లిం పాఠకులను ఉద్దేశించిన ఒక పారశీక కరపత్రం శ్రీరాంపూరు ముద్రణాలయం నుంచి వెలువడింది. అందులో ఇస్లాం ప్రవక్తను నిందించే పదాలు ఉన్నాయి. అది అదే సంవత్సరం పదవిని చేపట్టిన గవర్నర్ జనరల్ లార్డ్ మింటో దృష్టికి వచ్చింది. ప్రభుత్వ కార్యదర్శి ఎడ్మన్‌స్టన్ కేరీని సంజాయిషీ కోరాడు.

ఆ పదాలు తమకు తెలియకుండా చేరాయని, ఇస్లాం నుంచి క్రైస్తవంలోకి వచ్చిన మున్షీ అనువాద సమయంలో వాటిని చేర్చాడని మిషనరీలు వివరణ ఇచ్చారు. కేరీ విచారం వ్యక్తం చేశాడు. మిగిలి ఉన్న ప్రతులను ప్రభుత్వానికి అప్పగించారు. అయినా ప్రభుత్వం అంతటితో ఆగక ముద్రణాలయాన్ని కలకత్తాకు తరలించి తమ పర్యవేక్షణలో ఉంచాలని ఆజ్ఞాపించింది. డేనిష్ గవర్నర్ క్రెఫ్టింగ్ తన భూభాగం మీద ఆ ఆజ్ఞ చెల్లదని పట్టుబట్టాడు. కేరీ, మార్ష్‌మన్‌లు మింటోను స్వయంగా కలిసి విన్నపం సమర్పించారు. చివరకు తరలింపు ఆజ్ఞ రద్దయింది. కంపెనీ భూభాగంలో పంచదలచిన పుస్తకాలను ముందుగా ప్రభుత్వానికి చూపాలన్న షరతు మాత్రం మిగిలింది.

తరలింపు ఆజ్ఞ అమలై ఉంటే దాని ప్రభావం ఒక కరపత్రంతో ఆగేది కాదు. అనేక భారతీయ భాషల అనువాదాలు, వ్యాకరణాలు, నిఘంటువులు ఆ ముద్రణాలయం మీదే ఆధారపడి ఉన్నాయి. ఐదేళ్ల తరువాత అక్కడ అచ్చయిన తెలుగు సువార్తలు కూడా ఈ కోవలోనివే. కొన్ని దూషణ పదాలు మొత్తం భాషాకృషిని ఎంత ప్రమాదంలో పడవేయగలవో ఈ ఘట్టం చూపుతుంది.

ఇక్కడ మూడు అంశాలను వేరువేరుగా గుర్తించాలి. మొదటిది, ప్రభుత్వం ప్రవక్త గౌరవాన్ని కాపాడడానికి కదలలేదు. దాని ఆందోళన పాలనా భద్రతకు సంబంధించినది. కనుక ప్రభుత్వ ఆజ్ఞను మతసహనానికి నిదర్శనంగా చూడడం సరికాదు. రెండవది, మిషనరీలు దూషించే హక్కు కోసం పోరాడలేదు. దూషణను ఉపసంహరించుకుని, ప్రచురించే హక్కు కోసం మాత్రం వాదించారు. ఈ రెండింటినీ విడదీసి చూడగలగడం వారి పక్షాన చెప్పదగిన విషయం. మూడవది మరింత లోతైనది. తప్పు మున్షీదన్న వివరణ వాస్తవమే అయినా, అది ప్రచురణకర్త బాధ్యతను తొలగించదు. తమ పేరుతో వెలువడే పారశీక వాక్యాలను సరిచూసుకోకుండా అచ్చుకు ఇచ్చినది మిషనే. పైగా ఆ దూషణ వల్ల వీధులలో అల్లర్లు చెలరేగి ఉంటే ఆ దెబ్బ మొదట తగిలేది డేనిష్ రక్షణలో ఉన్న మిషనరీలకు కాదు, తన పూర్వ సమాజం మధ్యనే బతకవలసిన ఆ మున్షీకి, అతనివంటి కొత్త క్రైస్తవులకు. మాట ఒకరిది, మూల్యం మరొకరిది అయ్యే పరిస్థితి అది.

ఈ అనుభవం పూర్తిగా ఒంటపట్టిందని చెప్పడానికి వీలు లేదు. 1811లో వార్డ్ ప్రచురించిన హిందువుల మత, ఆచార, సాహిత్యాల వివరణ గ్రంథంలో విస్తృతమైన సమాచారంతో పాటు తీవ్రమైన తృణీకార స్వరం కూడా ఉంది. తిట్టు పదాన్ని తొలగించడం ఒక ఎత్తు. ఎదుటివారు తమ రూపాన్ని తాము గుర్తించగలిగేలా రాయడం మరొక ఎత్తు. ఎఫెసు అధికారి సాక్ష్యం ఈ రెండవదానినే కోరుతుంది.

1820–1823: ప్రత్యర్థికి చోటు

రెండవ ఘట్టంలో ప్రశ్న స్వరూపం మారింది. 1818లో హేస్టింగ్స్ ప్రభుత్వం ముందస్తు సెన్సారును సడలించింది. అదే సంవత్సరం శ్రీరాంపూరు నుంచి ‘దిగ్దర్శన్’ మాసపత్రిక, ‘సమాచార్ దర్పణ్’ వారపత్రిక వెలువడడం మొదలైంది. ‘ఫ్రెండ్ ఆఫ్ ఇండియా’ అనే ఆంగ్ల పత్రిక కూడా వచ్చింది. మిషనరీలు ఇప్పుడు కేవలం గ్రంథ ప్రచురణకర్తలు కారు. ప్రజాభిప్రాయాన్ని నడిపే పత్రికల అధిపతులు. వారి చేతిలో అచ్చు యంత్రం ఉంది, ఇతరుల మాటకు చోటు ఇచ్చే, నిరాకరించే అధికారం కూడా ఉంది.

1820లో రామమోహన్ రాయ్ నాలుగు సువార్తల నుంచి యేసు నీతిబోధలను ఏర్చి కూర్చి ఒక సంకలనం ప్రచురించాడు. అద్భుతాలను, సిద్ధాంత వివాదాలకు తావిచ్చే భాగాలను అందులో విడిచిపెట్టాడు. ఆ పుస్తకం కలకత్తాలోని బాప్తిస్టు మిషన్ ప్రెస్సులోనే అచ్చయింది. యేసు దైవత్వాన్ని, ప్రాయశ్చిత్త సిద్ధాంతాన్ని పక్కనపెట్టి నీతిని మాత్రమే తీసుకోవడాన్ని మార్ష్‌మన్ ‘ఫ్రెండ్ ఆఫ్ ఇండియా’లో తీవ్రంగా విమర్శించాడు. సంకలనకర్తను అన్యమతస్థుడన్న అర్థంలో పేర్కొనడం రామమోహన్‌ను నొప్పించింది. ఆయన క్రైస్తవ ప్రజలకు ఒక విజ్ఞప్తిని, తరువాత రెండవ విజ్ఞప్తిని ప్రకటించాడు. హీబ్రూ, గ్రీకు మూలాల ఆధారంగా వాదాన్ని నడిపాడు. వాదం మధ్యలోనే, బాప్తిస్టు మిషనరీగా వచ్చిన విలియం ఆడం రామమోహన్‌తో చర్చల ఫలితంగా 1821లో త్రిత్వ సిద్ధాంతాన్ని విడిచిపెట్టాడు.

మొదటి రెండు విజ్ఞప్తులను అచ్చువేసిన బాప్తిస్టు మిషన్ ప్రెస్సు మూడవదైన తుది విజ్ఞప్తిని అచ్చువేయడానికి నిరాకరించింది. రామమోహన్ స్వయంగా అచ్చు సామగ్రి సమకూర్చుకుని 1823లో దానిని ప్రచురించాడు. ఇదే కాలంలో ‘సమాచార్ దర్పణ్’ 1821లో హిందూ శాస్త్రాలను విమర్శించే లేఖను ప్రచురించింది. దానికి రామమోహన్ పంపిన సమాధానాన్ని యథాతథంగా ప్రచురించడానికి మాత్రం ఆ పత్రిక సిద్ధపడలేదు. ఆ నిరాకరణ నుంచే ‘బ్రాహ్మణ సేవధి’ పుట్టింది.

తన నమ్మకానికి విరుద్ధమైన గ్రంథాన్ని అచ్చువేయనని చెప్పే హక్కు ఒక మత ముద్రణాలయానికి ఉందా? నిస్సందేహంగా ఉంది. అంతరాత్మకు విరుద్ధమైన పనిని తప్పించుకోవడం కూడా స్వేచ్ఛలో భాగమే. మొదటి రెండు విజ్ఞప్తులను అచ్చువేయడంలో ఆ ప్రెస్సు చూపిన ఔదార్యాన్ని కూడా గుర్తించాలి. అయితే పత్రికాధిపతి స్థానం వేరు. ఒక సమాజపు శాస్త్రాలను బహిరంగంగా ప్రశ్నించి, ఆ సమాజం నుంచి వచ్చిన సమాధానానికి తలుపు మూసివేయడం వాదధర్మానికి విరుద్ధం. పూర్వపక్షాన్ని న్యాయంగా నిలిపి ఆ తరువాతే సిద్ధాంతం చేయడం భారతీయ శాస్త్రచర్చా సంప్రదాయం. సాత్త్వికంతో, గౌరవంతో సమాధానం చెప్పమన్న పేతురు సూచన కూడా ఎదుటివాడు అడగగలిగే స్థితిలో ఉండడాన్ని ముందే ఊహిస్తుంది. ఈ రెండు ప్రమాణాల ముందూ ‘దర్పణ్’ నిర్ణయం నిలవదు.

విచిత్రమేమిటంటే, వాక్స్వాతంత్ర్యం కోసం ఆ కాలంలో బలంగా నిలబడినది మిషనరీల ప్రత్యర్థే. ‘కలకత్తా జర్నల్’ సంపాదకుడు జేమ్స్ సిల్క్ బకింగ్‌హాం, స్కాట్లండు చర్చి పాదిరి జేమ్స్ బ్రైస్‌కు ప్రభుత్వ స్టేషనరీ కమిటీలో ఉద్యోగం ఇవ్వడాన్ని విమర్శించి, 1823లో దేశం నుంచి బహిష్కరణకు గురయ్యాడు. వెంటనే తాత్కాలిక గవర్నర్ జనరల్ జాన్ ఆడం పత్రికలకు లైసెన్సు తప్పనిసరి చేశాడు. రామమోహన్, ద్వారకానాథ్ ఠాగూరు తదితరులు సుప్రీంకోర్టుకు విన్నపం సమర్పించారు. అది తిరస్కృతమయింది. లైసెన్సు కోసం అర్థించడం కంటే పత్రికను ఆపివేయడమే మేలని రామమోహన్ తన పారశీక పత్రిక ‘మిరాత్ ఉల్ అఖ్బార్’ను నిలిపివేశాడు. తన మాట విలువను తానే చెల్లించడం అంటే ఏమిటో అక్కడ కనిపిస్తుంది. 1835లో మెట్కాఫ్ ఆ నిబంధనలను రద్దు చేసేవరకు పరిస్థితి మారలేదు.

1861: జేమ్స్ లాంగ్ విచారణ

మూడవ ఘట్టంలో మాట దిశ తిరగబడింది. అంతవరకు మిషనరీల విమర్శ ఎక్కువగా ఈ దేశపు మతాల వైపు సాగింది. 1861 నాటికి అది తమ జాతివారి వైపే తిరిగింది. ఐర్లండులో 1814లో జన్మించిన జేమ్స్ లాంగ్ చర్చి మిషనరీ సొసైటీ పక్షాన 1840లో కలకత్తాకు వచ్చాడు. బెంగాలీ సామెతలను సేకరించాడు. బెంగాలీ ముద్రణ మీద ప్రభుత్వానికి 1859లో సవివరమైన నివేదిక సమర్పించాడు. దేశభాషలలో ప్రజలు ఏమి రాసుకుంటున్నారో పాలకులకు తెలియకపోవడం ప్రమాదకరమని 1857 తరువాత ఆయన పదే పదే చెప్పాడు.

నీలిమందు సాగు అప్పటి బెంగాలు గ్రామాలను కుదిపివేస్తోంది. నీలిమందు దొరలు రైతుకు ‘దాదన్’ అనే బయానా ముట్టజెప్పి ఒప్పందం రాయించుకునేవారు. గిట్టుబాటు కాని ధరకు మంచి నేలలో నీలి పంట వేయవలసి వచ్చేది. బాకీ తీరక తండ్రి అప్పు కొడుకు మీద పడేది. ఎదురు తిరిగినవారికి దెబ్బలు, నిర్బంధం తప్పేవి కావు. ఈ పద్ధతి మీద మిషనరీలు 1855 నాటి కలకత్తా సమావేశంలోనే చర్చించారు. 1859–60లో రైతులు నీలి సాగుకు సామూహికంగా నిరాకరించారు. 1860లో ప్రభుత్వం విచారణ సంఘాన్ని నియమించింది. దానికి సీటన్ కార్ అధ్యక్షుడు. మిషనరీల పక్షాన రెవరెండ్ సేల్ ఒక సభ్యుడు. సంఘం ఆ సాగు పద్ధతిని తప్పుపట్టింది.

అదే సంవత్సరం దీనబంధు మిత్ర రచించిన ‘నీల్ దర్పణ్’ నాటకం ఢాకాలో వెలువడింది. రైతు కుటుంబాల దుస్థితిని చిత్రించిన ఆ నాటకం ఆంగ్లానువాదాన్ని లాంగ్ 1861లో తన ముందుమాటతో అచ్చువేయించాడు. అనువాదకుడు మైకేల్ మధుసూదన దత్తు అన్నది బెంగాలీ సాహిత్య సంప్రదాయంలో ప్రచారంలో ఉన్న మాట. ప్రతులు 500 అచ్చయ్యాయి. వాటిలో కొన్ని సీటన్ కార్ అనుమతితో ప్రభుత్వ ముద్రతో ఇంగ్లండులోని ప్రముఖులకు చేరాయి. దీనితో నీలిమందు దొరల సంఘం ఆగ్రహించింది.

మొదట ముద్రాపకుడు మాన్యుయెల్ మీద కేసు పెట్టారు. అతడు తప్పు ఒప్పుకుని, అచ్చు వేయించినది లాంగ్ అని చెప్పాడు. ఈ వెల్లడి లాంగ్ సమ్మతితోనే జరిగింది. మాన్యుయెల్‌కు స్వల్ప జరిమానాతో సరిపోయింది. ఆ తరువాత లాంగ్ మీద పరువునష్టం అభియోగం మోపారు. ‘ఇంగ్లిష్‌మన్’ సంపాదకుడు వాల్టర్ బ్రెట్ ముందు నిలిచాడు. నాటక రచయిత తన పీఠికలో, ముప్పై నాణేలకు యేసును అప్పగించిన యూదాను తలపించేలా, వేయి రూపాయల ఆశతో రెండు పత్రికలు రైతులను దొరలకు అప్పగిస్తున్నాయన్న భావాన్ని వ్యక్తం చేశాడు. పత్రికలను దూషించారన్న అభియోగానికి ఆ వాక్యాలే ఆధారం. నీలిమందు దొరల వర్గాన్ని మొత్తంగా అపకీర్తి పాలు చేశారన్నది మరొక అభియోగం. ఒక హిందూ నాటకకర్త సువార్త కథను ఆయుధంగా తీసుకోవడం, ఆ పోలికను అచ్చువేసినందుకు ఒక క్రైస్తవ గురువును క్రైస్తవులే న్యాయస్థానానికి ఈడ్వడం ఈ వ్యాజ్యంలోని వైపరీత్యం.

1861 జూలైలో సుప్రీంకోర్టులో న్యాయమూర్తి మోర్డాంట్ వెల్స్ ముందు విచారణ జరిగింది. జ్యూరీ లాంగ్‌ను దోషిగా నిర్ణయించింది. జూలై 24న వేయి రూపాయల జరిమానా, ఒక నెల కారాగారం శిక్షగా పడ్డాయి. జరిమానాను కాళీప్రసన్న సింహ అక్కడికక్కడే చెల్లించాడు. లాంగ్ జైలుకు వెళ్లాడు. శిక్షకు ముందు చేసిన ప్రకటనలో ఆయన, ప్రజల అభిప్రాయాన్ని పాలకులకు తెలియజేయడం తన విధి అని, శాంతిని కోరే క్రైస్తవ గురువుగా ఆ పని చేశానని వివరించాడు. ఎంత ఒత్తిడి వచ్చినా అనువాదకుని పేరు మాత్రం బయటపెట్టలేదు.

లాంగ్ నిర్ణయాన్ని నిర్దోషంగా చిత్రించడం చరిత్రకు న్యాయం కాదు. నాటకంలో దొర భార్య ప్రస్తావన వచ్చే చోటు ఆంగ్ల స్త్రీలందరినీ అవమానిస్తోందని ప్రతిపక్షం వాదించింది. ఆ ఆరోపణలో అతిశయోక్తి ఉన్నా, ఒక వ్యక్తి తప్పును వర్గం మొత్తానికి అంటగట్టే ప్రమాదం వ్యంగ్య, విషాద నాటకాలకు ఎప్పుడూ ఉంటుంది. పత్రికలు డబ్బుకు అమ్ముడుపోయాయన్న సూచన మరింత బరువైనది. అది ఒక నిర్దిష్టమైన ఆరోపణ. రుజువు లేకుండా అలాంటి మాటను అచ్చువేయడం అబద్ధసాక్ష్యం గురించిన ఆజ్ఞకు సమీపంలోకి వస్తుంది. రైతుల బాధకు విచారణ సంఘం నివేదిక అండగా ఉంది. పీఠికలోని ఆ వాక్యాలకు అలాంటి అండ లేదు. నిస్సహాయుల పక్షాన మాట్లాడే మాటకు కూడా నిజం పరీక్ష తప్పదన్నది ఇక్కడి పాఠం. బలవంతుని మీద ఎక్కుపెట్టిన మాటలో ఒక్క నిరాధార వాక్యం ఉన్నా, చర్చ ఆ వాక్యం చుట్టూ తిరిగి అసలు బాధ వెనక్కి పోతుంది. కలకత్తా న్యాయస్థానంలో జరిగినది అదే. విచారణ జరిగినన్నాళ్లూ అక్కడ రైతు కనిపించలేదు, పత్రికాధిపతుల పరువే కనిపించింది.

తులనాత్మక పరిశీలన

ఈ మూడు ఘట్టాలను పక్కపక్కన ఉంచినప్పుడు బాధ్యతకు సంబంధించి మూడు ప్రశ్నలు తేలుతాయి. మాట ఎటువైపు సాగుతోంది? ఎదుటివారికి బదులు చెప్పే చోటు ఉందా? ఆ మాటకు మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు?

1807 కరపత్రం ఈ మూడు ప్రశ్నల ముందూ ఓడిపోతుంది. పాలకుల మతానికి చెందినవారు పాలితుల ప్రవక్తను నిందించారు. బదులు చెప్పడానికి సమానమైన ముద్రణ వేదిక అప్పటి ముస్లిం పాఠకులకు లేదు. ప్రమాదం మున్షీ వంటి వారి మీద పడేది. 1820–23 నాటి వాదంలో మాట పండితుల మధ్య సాగింది కనుక మొదటి ప్రశ్న అంత తీవ్రమైనది కాదు. రెండవ ప్రశ్న దగ్గర మాత్రం మిషనరీ పత్రిక తడబడింది. మూడవ ప్రశ్నకు గౌరవప్రదమైన సమాధానం రామమోహన్ పక్షాన లభించింది. 1861లో లాంగ్ మాట బలహీనుని పక్షాన బలవంతుని వైపు సాగింది. బదులు చెప్పడానికి దొరలకు పత్రికలు, సంఘాలు, న్యాయస్థానాలు అన్నీ ఉన్నాయి. మూల్యాన్ని లాంగ్ స్వయంగా చెల్లించాడు.

న్యాయశాస్త్ర చరిత్ర దృష్ట్యా ఆ కాలం ఒక సంధి దశ. 1860లో ఆమోదం పొందిన భారత శిక్షాస్మృతి 1862 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. లాంగ్ విచారణ దానికి కొన్ని నెలల ముందు జరిగింది. ఆ స్మృతిలోని 499వ సెక్షను పరువునష్టాన్ని నేరంగా పేర్కొంటూనే, ప్రజాహితం కోసం ప్రకటించిన సత్యాన్ని మినహాయింపుగా చేర్చింది. 298వ సెక్షను ఇతరుల మతభావాలను ఉద్దేశపూర్వకంగా గాయపరచే మాటలను శిక్షార్హం చేసింది. 1807 కరపత్రం లేవనెత్తిన ప్రశ్న, 1861 విచారణ లేవనెత్తిన ప్రశ్న ఒకే స్మృతిలో పక్కపక్కన కనిపిస్తాయి. స్వతంత్ర భారత రాజ్యాంగం 19వ అధికరణంలో వాక్స్వాతంత్ర్యాన్ని ప్రాథమిక హక్కుగా ప్రకటించి, దానికి సహేతుకమైన పరిమితులను అంగీకరించినప్పుడు కూడా ఈ ద్వంద్వమే కొనసాగింది.

అయితే చట్టం చెప్పగలిగినదానికి ఒక హద్దు ఉంది. ఏ మాట నేరమో అది చెప్పగలదు. ఏ మాట తప్పక పలకాలో చెప్పలేదు. ‘నీల్ దర్పణ్’ను అనువదింపజేయమని ఏ చట్టమూ లాంగ్‌ను కోరలేదు. ఆయన మౌనంగా ఉండి ఉంటే ఏ న్యాయస్థానమూ తప్పుపట్టేది కాదు. సామెతల గ్రంథం ఆదేశించే విధి మాత్రం ఆ మౌనాన్ని కూడా తప్పుగానే లెక్కిస్తుంది. క్రైస్తవ దృష్టి వాక్స్వాతంత్ర్య చర్చకు చేర్చే ప్రత్యేకమైన అంశం ఇదే. అందులో స్వేచ్ఛ ఒక హక్కు కంటే ముందు ఒక అప్పగింత. అనుచితంగా మాట్లాడినందుకు ఎలా లెక్క చెప్పాలో, అవసరమైనప్పుడు మాట్లాడనందుకు కూడా అలాగే లెక్క చెప్పాలి.

ముగింపు

1807 నుంచి 1861 వరకు గడిచిన కాలంలో బెంగాలులోని క్రైస్తవ ముద్రణ ఒకే దిశలో పురోగమించిందని చెప్పలేము. కేరీ విచారం, వార్డ్ తృణీకారం, ‘దర్పణ్’ నిరాకరణ, లాంగ్ సాహసం ఒకే సంప్రదాయంలో పక్కపక్కనే ఉన్నాయి. ఆ సంప్రదాయంలోని గ్రంథమే వారిని సమర్థించింది, అదే వారిని తప్పుపట్టింది కూడా. తెలుగు అచ్చుకు తొలి ఆశ్రయాలలో ఒకటైన శ్రీరాంపూరు చరిత్రను అక్షరాల చరిత్రగా మాత్రమే కాక, అక్షరాలకు జవాబుదారీ వహించిన, వహించని మనుషుల చరిత్రగా కూడా చదవవలసి ఉంది. అనువాదాన్ని, ముద్రణను అధ్యయనం చేసేవారికి ఇది మరింత అవసరం.

మొదటి, చివరి ఘట్టాలలోని ఇద్దరు అనువాదకులు ఈ తేడాను స్పష్టంగా చూపుతారు. 1807లో ప్రశ్న ఎదురైనప్పుడు తప్పు అనువాదం చేసిన మున్షీదని మిషన్ చెప్పింది. అది నిజమే కావచ్చు. 1861లో అదే విధంగా చెప్పే అవకాశం లాంగ్‌కు కూడా ఉంది. నాటకం తాను రాయలేదు, అనువాదం తాను చేయలేదు. ఆ రెండు పేర్లలో ఏ ఒక్కటి ముందుకు తెచ్చినా భారం తగ్గేది. లాంగ్ తన పేరును ముందు నిలిపి, అనువాదకుని పేరును తనతోనే జైలులోకి తీసుకువెళ్లాడు.